మా చేను మేం ఇష్టపడి తవ్వలేదండీ

“సముద్రతీర మండలాల్లో వరిచేలు రొయ్యల చెరువులైతే రైతుకు లాభమే కదా, ముందుముందు వచ్చే నష్టమేంటి?” అని అడిగారు. మాది నరసాపురం పక్క పల్లెటూరు. ఈ మాటెత్తితే నేను గంటకి గానీ ఆగనని మా ఇంట్లోవాళ్ళు లేచి వెళ్ళిపోతారు.

2012 దాళ్వా, అంటే రెండో పంట కాలం. మా రెండెకరాల గట్టు పక్కాయన పొక్లెయిన్ పెట్టి చేను తవ్వేశాడు. వెనామీ రకం రొయ్య జోరుమీదున్న రోజులు. సముద్రపు పోటుకి మురుగుకాలువలోకి ఎక్కే ఉప్పునీళ్ళు ఇంజను పెట్టి తోడుకునేవాడు. రెండు నెలలకి మా చేలో ఆ గట్టువార వరి ఆకుల కొసలు ఎర్రబడి మాడిపోయాయి. తెగులనుకుని అన్నయ్య మందు తెచ్చాడు. నాన్న కొట్టనివ్వలేదు. వంగి, చేలో నీళ్ళు దోసిట్లోకి తీసుకుని, నోట్లో పోసుకుని ఉమ్మేశారు. “తెగులు కాదురా, ఊట” అన్నారు. పక్క చెరువులో ఉప్పునీళ్ళు మట్టిలోంచి మా చేలోకి ఊరుతున్నాయన్నమాట. ఆ పంట సగం తాలే.

పక్కాయన్ని అడిగితే “నువ్వూ తవ్వేయ్ బాబాయ్, గొడవొదిలిపోద్ది” అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే మంచి చెప్పాననుకున్నాడు. మరుసటేడు మేమూ చేను చెరువుకి లీజుకిచ్చేశాం. మా అవతలి గట్టాయన చేలోకి ఊట మా చెరువునుంచే పోయింది.

లాభాల లెక్క చెప్పేవాళ్ళు ఈ ముక్క చెప్పరు. నన్నడిగితే మా ఆయకట్టులో ఇష్టపడి తవ్వినవాళ్ళు ఐదారుగురే, తక్కినవాళ్ళంతా ఊట దెబ్బకి వరి పండక తవ్వారు. లీజు డబ్బుతోనే నా బీటెక్ ఫీజు కట్టారు, దాచను. కానీ ఊడుపులకొచ్చే ఆడవాళ్ళకి చెరువు దగ్గర పనేముంది? ఒక కాపలావాడు చాలు. గడ్డి లేక గేదెల్ని అమ్మేశాం. చుట్టూ నీళ్ళే, తాగడానికి మాత్రం టిన్ను కొనాలి.

చట్టాల్లేవా అంటే ఉన్నాయి. తెల్లమచ్చ తెగులొచ్చి అప్పట్లో పెంచే టైగర్ రకం రొయ్య ఊడ్చుకుపోయిన కాస్త కాలానికే, 1996 డిసెంబరులో, సాగుభూముల్ని రొయ్యల చెరువులు చెయ్యొద్దని సుప్రీంకోర్టే చెప్పింది. 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్‌కి ప్రత్యేక చట్టం, అథారిటీ వచ్చాయి. 2006లో కొల్లేరులో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల చేపల చెరువుల గట్లు పేల్చేశారు, కొన్నాళ్ళకి మళ్ళీ లేచాయి. మా పక్కాయన తవ్వుతున్నప్పుడు మేం ఒక ఆఫీసుకి అర్జీ పట్టుకెళితే “ముందు మీ పాసుపుస్తకం జెరాక్సు తెండి” అన్నారు. తవ్వేది ఆయన, జెరాక్సు మాది!

మీ పక్కన ఎవరైనా తవ్వుతుంటే నా మాట విని ఒకటి చెయ్యండి. చెరువుకీ చేనుకీ మధ్య ఎడం వదిలించి, అందులో లోతుగా ఊటబోదె, అంటే ఊరే నీళ్ళని చేలోకి రానీకుండా పట్టుకునే కాలువ, తీయించండి. గట్టు వేసేలోపే అడగాలి, నీళ్ళు పెట్టాక ఎవడూ వినడు.