చెంచా చేసే పని: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమైన మిత్రమా,

వేడి పానీయంలో పంచదార కలపడం గురించి మీరు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. “వేడికి పంచదార కరుగుతుంది, చెంచాతో తిప్పితే ఇంకా త్వరగా కరుగుతుంది” అన్న వాక్యం దగ్గర రెండుసార్లూ ఆగిపోయాను. అందులో తప్పు లేదు. కానీ కరగడం, కలవడం అనే రెండు వేర్వేరు సంగతులను మీరు ఒకే మాటలో కట్టేశారు. మీరు రాయదలచిన విషయమంతా ఆ రెంటి మధ్యనే ఉంది.

కరగడం గురించి చెప్పవలసింది కొంచెమే. 100 గ్రాముల నీటిలో 20 డిగ్రీల సెల్సియస్ వద్దనే దాదాపు 200 గ్రాముల పంచదార కరుగుతుంది. నీరు మరిగే వేడిలో 480 గ్రాములు దాటుతుంది. కప్పులో వేసే రెండు చెంచాలకు నీటిలో చోటు చాలకపోవడమన్నది లేదు. మరి తిప్పకుండా తాగితే పైన చప్పగా, అడుగున పాకంలా ఎందుకుంటుంది? పలుకుల చుట్టూ ఏర్పడిన చిక్కని ద్రావణం నీటికన్నా బరువైనది కనుక అడుగునే పరుచుకుంటుంది. ఆ పొర అప్పటికే తీపితో నిండిపోవడం వల్ల మిగిలిన పలుకులు కరగడం కూడా మందగిస్తుంది. పైన చల్లబడిన ద్రవం కిందికి దిగుతున్నా, ఆ బరువైన పొరను సులువుగా కదిలించలేదు. ఇక తీపి పైకి రావడానికి మిగిలినది అణువుల చెదురుమదురు కదలిక, అంటే వ్యాపనం.

ఇక్కడ మీరు కాగితం తీసి లెక్క వేసి ఉండవలసింది. జర్మన్ శాస్త్రవేత్త అడాల్ఫ్ ఫిక్ 1855లో ప్రకటించిన నియమాలనుబట్టి చూస్తే, వ్యాపనానికి పట్టే కాలం దూరం వర్గంతో పెరుగుతుంది, అంటే దూరం రెట్టింపైతే కాలం నాలుగు రెట్లవుతుంది. 25 డిగ్రీల నీటిలో పంచదార వ్యాపన గుణకం, అంటే అది ఎంత త్వరగా వ్యాపిస్తుందో చెప్పే సంఖ్య, సెకనుకు సుమారు 0.0005 చదరపు మిల్లీమీటర్లు. ఆ లెక్కన 5 సెంటీమీటర్లు దాటడానికి వారాలు పడుతుంది. నీరు వేడిగా ఉంటే కొన్ని రెట్లు తగ్గవచ్చు గానీ అప్పటికీ రోజుల లెక్కే. అదే మిల్లీమీటరులో పదో వంతు దాటడానికి పది, ఇరవై సెకన్లు చాలు. దూరం 500 రెట్లు తగ్గితే కాలం రెండున్నర లక్షల రెట్లు తగ్గింది! ఈ ఒక్క పోలిక చూశాక, “చెంచా మాయ చేస్తుంది” అన్న మీ మాటను మీరే కొట్టేస్తారని నా నమ్మకం. చెంచా తీపి పొరను సాగదీస్తుంది, మడుస్తుంది, మళ్ళీ సాగదీస్తుంది. అలా అది పలచని రేకులుగా మారినప్పుడు, వారాలు పట్టే పనిని వ్యాపనం క్షణాల్లో పూర్తి చేస్తుంది. తేనె విషయంలో ఈ సాగదీయడమే కష్టం, ఎందుకంటే దాని చిక్కదనం నీటికన్నా వేల రెట్లు ఎక్కువ; పానీయపు వేడి అక్కడ ముందుగా ఆ చిక్కదనాన్ని తగ్గిస్తుంది.

తిప్పే తీరు గురించి మీరు ఒక్క ముక్కా రాయలేదు. ఒకే దిశలో గుండ్రంగా తిప్పుతూ పోతే ద్రవం చాలావరకు ఒకే ముద్దలా తిరుగుతుంది, పక్కపక్క పొరలు పెద్దగా కలవవు; చెంచాను అడ్డంగా ఆడించినా, దిశ మార్చినా ఆ తిరుగుడు విరిగి చిన్న చిన్న సుడులు పుడతాయి. అయినా గుండ్రని తిరుగుడులోనూ ఒక అందమైన సంగతి ఉంది. అడుగున రాపిడి వల్ల ద్రవం నెమ్మదించి కేంద్రం వైపు జరుగుతుంది, మధ్యలో పైకి లేచి అంచుల వెంట దిగుతుంది. టీ ఆకులు కప్పు అడుగున నడుమ పోగవడానికి కారణం ఇదేనని ఐన్‌స్టీన్ 1926లో వివరించాడు. కరగని పలుకులూ అలాగే నడుమకు చేరతాయి. వివరణకు ముందు ఆ దృశ్యాన్ని పాఠకుడికి చూపించండి.

తిరిగి రాసే ముందు ఒక పని చేయండి. వేడి నీటిలో పంచదార వేసి, అస్సలు కదపకుండా పది నిమిషాలు ఉంచి, గొట్టంతో పైన, మధ్యన, అడుగున వేర్వేరుగా రుచి చూడండి. ఆ మూడు రుచులనూ మొదటి పేరాగా రాసి నాకు పంపండి.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి