సూట్‌కేసులో వచ్చిన సిరప్

ప్రశ్న: డాక్టరు గారూ, మాది తెనాలి. అమ్మాయి పురుడని వాంకూవర్ వచ్చాను. మనవడికి ఐదో నెల. వారం నుంచి జలుబు, ముక్కు దిబ్బడ, కాస్త దగ్గు. ఇక్కడి డాక్టరు రెండుసార్లు చూసి కూడా యాంటీబయాటిక్ రాయలేదు, ముక్కులో ఉప్పునీటి చుక్కలు వేయమన్నారంతే. మావారికి ఆస్తమా. వీడికీ వస్తుందేమోనని నా టెన్షన్. వచ్చేటప్పుడు అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్ పొడి సీసా తెచ్చుకున్నాను. వేద్దామంటే అమ్మాయి "పొట్టలో మంచి బ్యాక్టీరియా పోతే ఆస్తమా వస్తుందట" అని పోట్లాడుతోంది. పొట్టకీ ఊపిరికీ ఏం సంబంధమండీ?

జవాబు: ఆ సీసాలో నీళ్ళు కలపకండమ్మా.

గుంటూరులో క్లినిక్ పెట్టిన కొత్తల్లో నేనూ మీకు నచ్చే డాక్టరునే. ముక్కు కారే పిల్లాడికి సిరప్ రాయకపోతే "ఈవిడకేం తెలీదు" అని పక్క సందులోకి వెళ్ళిపోయేవారు. జలుబు వైరస్ వల్ల వస్తుంది, దాని మీద ఆ మందు పనిచేయదు. తెలిసే రాసేదాన్ని. జలుబు దాని గడువుకి అది తగ్గేది, పేరు సిరప్‌కి వచ్చేది.

మీ అమ్మాయి మాట గాలికబురు కాదు. మీరున్న ఊళ్ళోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం వాళ్ళు, ఇతరులతో కలిసి 319 మంది పిల్లల మలాన్ని పరీక్షించి 2015లో ఫలితాలు చెప్పారు. ఏడాదికల్లా పిల్లికూతలు, అలర్జీ రెండూ కనిపించిన పిల్లల్లో మూడో నెలలోనే నాలుగు రకాల బ్యాక్టీరియా తక్కువగా ఉన్నాయి. ఏడాది వయసుకి ఆ తేడా చాలావరకు పోయింది. నన్ను ఆలోచనలో పడేసింది ఈ రెండో ముక్కే. దేనితో పోట్లాడాలో, దేన్ని పోనివ్వాలో ఒళ్ళు నేర్చుకునేది ఆ తొలి నెలల్లో. పేగుల్లోని బ్యాక్టీరియా తయారుచేసే కొన్ని పదార్థాలు రక్తంలో కలిసి రోగనిరోధక కణాలను అదుపులో ఉంచుతాయి. ఆ అదుపు తప్పితే దుమ్ముకీ పుప్పొడికీ కూడా శ్వాసనాళాలు వాచిపోతాయి.

కెనడాలోని ఆ బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో 2000లో ఏడాదిలోపు పిల్లలు వెయ్యి మందికి 1,250కి పైగా యాంటీబయాటిక్ చీటీలు రాసేవారు. 2014కి 490కి దిగాయి. అదే కాలంలో 1-4 ఏళ్ళవాళ్ళలో కొత్తగా ఆస్తమా బయటపడటం 26 శాతం తగ్గింది. ఒకదాని వల్లే రెండోది జరిగిందని తేల్చేయలేం. ఆస్తమా రాబోయే పిల్లలకే దగ్గులెక్కువ, మందులూ వాళ్ళకే ఎక్కువ పడతాయి. అయినా మీ డాక్టరు చీటీ రాయకపోవడం అశ్రద్ధ కాదు.

మీ అమ్మాయికీ ఒక మాట. న్యుమోనియా అని డాక్టరే యాంటీబయాటిక్ ఇస్తే వద్దనకూడదు. బాబు డొక్కలు ఎగరేస్తున్నా, నిమిషానికి 50 సార్లు లేదా అంతకంటే ఎక్కువ ఊపిరి తీస్తున్నా, పాలు తాగలేకపోతున్నా వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళండి. ప్రోబయాటిక్ (మంచి బ్యాక్టీరియా ఉండే) చుక్కలు ఆస్తమాను ఆపుతాయని రుజువు లేదు, కొనకండి. తల్లిపాలు మాన్పించకండి. తాతగారి ఆస్తమా సంగతి అక్కడి డాక్టరుకి చెప్పారా?

అన్నట్టు, నీళ్ళు పోశాక సాంబ్రాణి పొగ వేస్తున్నారేమో. ఆ ఇంట్లో అలారం మోగినా మోగకపోయినా, అది మానేయండి.