పిల్లాడికి పైథాన్ ఇప్పుడే కావాలా?

ప్రశ్న: మావాడు ఐదో తరగతండి. ఆన్‌లైన్ కోచింగ్ వాళ్ళు రోజూ ఫోన్ చేసి ఇప్పుడే పైథాన్ అనే కంప్యూటర్ ప్రోగ్రామింగ్ భాష నేర్పించకపోతే వెనకబడిపోతాడు, ఏడాది ఫీజు కట్టేయండి అంటున్నారు. ఏం చేయమంటారు? - ఒక అమ్మ, గుంటూరు

జవాబు: ముందు ఆ ఫోన్ ఎత్తడం మానేయండి. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్ళు పిల్లలకి ప్రోగ్రామింగ్ నేర్పడానికి 2007లో తెచ్చిన స్క్రాచ్ ఉంది కదా, పూర్తిగా ఫ్రీ, ల్యాప్‌టాప్‌లో దించుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తుంది, టైపింగ్ అక్కర్లేదు, రంగు రంగుల బ్లాకులు ఒకదాని కింద ఒకటి తగిలించడమే. 100 అడుగులు నడువు, 90 డిగ్రీలు తిరుగు, ఇలా 4 సార్లు అని పెట్టి పెన్ ఆన్ చేస్తే తెర మీదుండే పిల్లి బొమ్మ చతురస్రం గీస్తుంది. తర్వాత త్రిభుజం గీయమనండి. లోపలి కోణం 60 కదా అని 60 పెడతాడు, బొమ్మ తేడాగా వస్తుంది (పెద్దాళ్ళం మనమూ అదే పెడతాం లెండి), ఎందుకంటే పిల్లి తిరిగేది బయటి కోణం, 120 కావాలి. ఆన్సర్ మాత్రం మీరు చెప్పకండి ప్లీజ్, వాడే కిందా మీదా పడనివ్వండి, ప్రోగ్రామింగ్ అంటే సగం ఆ తప్పు వెతుక్కోవడమే. పైథాన్ సంగతి హైస్కూల్లో చూద్దాం, అప్పుడు కూడా తాబేలుతో బొమ్మలు గీసే టర్టిల్ మాడ్యూల్‌తోనే (పైథాన్‌లోనే ఉండే ఒక భాగం) మొదలెట్టండి, అదీ ఫ్రీయే.