లోడ్ టెస్ట్ యంత్రంలో హీప్ ఎందుకు నిండుతోంది?

ప్రశ్న: 16 జీబీ ర్యామ్ ఉన్న యంత్రంలో జేమీటర్‌తో (సర్వర్ మీద లోడ్ పెట్టి పరీక్షించే జావా ప్రోగ్రాం) 800 థ్రెడ్లు, అంటే 800 మంది కృత్రిమ యూజర్లను, నడుపుతున్నాం. తెర మీద ఫలితాల పట్టిక తెరిచే ఉంచుతాం. 40 నిమిషాలకు రెస్పాన్స్ టైమ్ ఉన్నట్టుండి పెరిగి, కాసేపటికి అవుట్ ఆఫ్ మెమరీ వస్తోంది. హీప్‌ను (జావా ప్రోగ్రాం తన డేటా ఉంచుకునే మెమరీ) 12 జీబీ చేసినా అంతే. సర్వర్ సీపీయూ మాత్రం 30 శాతం దాటడం లేదు. లోపం ఎక్కడ?

జవాబు: సర్వర్‌ని ఇప్పుడే అనుమానించకండి. రెస్పాన్స్ టైమ్ కొలిచేది కూడా ఆ జేమీటర్ జేవీఎంలోనే (జావా ప్రోగ్రాంను నడిపే వ్యవస్థ). గార్బేజ్ కలెక్షన్‌కు (జీసీ, అంటే పనికిరాని డేటాను హీప్‌లోంచి తుడవడం) థ్రెడ్లన్నీ 2 సెకన్లు ఆగాయంటే, 50 మిల్లీసెకన్లలో వచ్చేసిన జవాబుకీ దాదాపు 2 సెకన్లు పడినట్టే నమోదవుతుంది. అంతసేపూ కొత్త రిక్వెస్టులు వెళ్లవు. సర్వర్ ఖాళీగా కనిపించడం అందుకే కావచ్చు.

ముందు జీసీ లాగ్ తీయండి. జావా 9 నుంచి -ఎక్స్‌లాగ్:జీసీ* చాలు. అందులో ఫుల్ జీసీ (హీప్ మొత్తాన్నీ శుభ్రం చేయడం) వరుసలు చూడండి. హీప్ వాడకం 11,900 ఎంబీ కాస్తా 3,000కి దిగుతుంటే చెత్త వేగంగా పోగవుతోందని అర్థం, సెట్టింగులతో కొంత సర్దవచ్చు. 11,700 దగ్గరే ఆగిపోతే అదంతా ప్రోగ్రాం వదలకుండా పట్టుకున్న డేటా. అప్పుడు ఏ కలెక్టర్ (జీసీ చేసే పద్ధతి) పెట్టినా ఒకటే. హీప్ పెంచితే కూలిపోవడం కాస్త ఆలస్యమవుతుంది, అంతే.

మీ విషయంలో రెండోదే అనిపిస్తోంది. ఫలితాల పట్టిక ప్రతి శాంపిల్‌కూ (ఒక రిక్వెస్టు ఫలితం) ఒక వరుసను హీప్‌లో దాస్తుంది. స్క్రిప్టు రాసుకోవడానికే తెర వాడండి. టెస్టును -ఎన్ (తెర లేకుండా) -టి (టెస్టు ఫైలు) -ఎల్ (ఫలితాల ఫైలు) లతో కమాండ్ లైన్‌లో నడిపి, ఫలితాలను ఫైల్లోకి పంపండి.

ఆ తర్వాతే హీప్ సంగతి. -ఎక్స్‌ఎంఎస్ (హీప్ మొదటి సైజు), -ఎక్స్‌ఎంఎక్స్ (గరిష్ఠ సైజు) రెండూ 8 జీబీ పెట్టండి. టెస్టు మధ్యలో హీప్ సైజు మారదు. 64 బిట్ లినక్స్‌లో థ్రెడ్ స్టాక్ (ఒక్కో థ్రెడ్‌కు విడిగా ఇచ్చే మెమరీ) మామూలుగా 1 ఎంబీ, అంటే 800 థ్రెడ్లకు 800 ఎంబీ దాకా హీప్ బయటే కావాలి. మెటాస్పేస్ (క్లాసుల వివరాలుండే మెమరీ), ఆపరేటింగ్ సిస్టం అదనం. 16లో 12 హీప్‌కే ఇస్తే యంత్రం స్వాప్‌లోకి (ర్యామ్ చాలక డిస్క్ వాడడం) జారవచ్చు, అప్పుడు జీసీ విరామాలు మరీ ఘోరం.

రెస్పాన్సులు పెద్దవైతే ఇంకో చిక్కుంది. జీ1 అనే కలెక్టర్ హీప్‌ను రీజియన్లుగా (సమాన ముక్కలు) విడగొడుతుంది; 8 జీబీ హీప్‌కు ఒక రీజియన్ 4 ఎంబీ. అందులో సగం, అంటే 2 ఎంబీ ఆపైన ఉన్న ఆబ్జెక్టులు నేరుగా హ్యుమంగస్ (భారీ ఆబ్జెక్టుల) రీజియన్లలోకి వెళతాయి. లాగ్‌లో 'జీ1 హ్యుమంగస్ అలొకేషన్' తరచూ కనిపిస్తే రీజియన్ సైజును 16 ఎంబీ చేయండి. బాడీలోని విషయంతో పనిలేకపోతే రెస్పాన్సును ఎండీ5 హ్యాష్‌గా (దాని చిన్న గుర్తు కోడ్) దాచే ఆప్షన్ పెట్టడం ఇంకా మేలు.

ప్రశ్న: జావా 8లో పనిచేసిన సెట్టింగులతో జావా 17లో జేవీఎం మొదలే కావడం లేదు.

జవాబు: మ్యాక్స్‌పెర్మ్‌సైజ్ (పాత పెర్మ్‌జెన్ మెమరీ పరిమితి), సీఎంఎస్ (పాత కలెక్టర్) ఆప్షన్లు తీసేయండి. సీఎంఎస్‌ను జావా 14లోనే తొలగించారు. పాత న్యూసైజ్ విలువలనూ జీ1కి మోయకండి. వాటితో యంగ్ జనరేషన్ (కొత్త ఆబ్జెక్టులుండే భాగం) సైజును బిగిస్తే, విరామాలు ఇంతకు మించకూడదన్న లక్ష్యాన్ని జీ1 పట్టించుకోదు.