పల్లెకు వెళ్లే డాక్టరు ఎక్కడ నేర్చుకోవాలి?

ప్రశ్న: వైద్యవిద్య చివరి సంవత్సరంలో ఉన్నాను. మారుమూల ప్రాంతంలో పనిచేయాలని నా కోరిక. పెద్దాసుపత్రిలో పొందిన శిక్షణ అక్కడికి సరిపోతుందా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ కోరిక చదివి ఎంతో సంతోషించాను. అయితే ఆ శిక్షణ పునాదిగా పనికివస్తుందే గాని, అదొక్కటే చాలదు. పెద్దాసుపత్రికి చేరే రోగిని చాలాసార్లు అప్పటికే మరొకరు పరీక్షించి పంపి ఉంటారు కనుక, జబ్బు తొలిదశలో ఎలా ఉంటుందో చూసే అవకాశం విద్యార్థికి తక్కువ. పైగా అక్కడ పిలిస్తే పలికే స్పెషలిస్టులు ఉంటారు.

కాన్పయ్యాక రక్తస్రావం ఆగని తల్లి మీ ఎదుట ఉందనుకోండి. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే గర్భసంచి మెత్తగా తగులుతుంది. అది గట్టిపడేదాకా మర్దన చేస్తూ, గర్భసంచి ముడుచుకునేలా చేసే ఆక్సిటోసిన్ మందు ఇప్పించి, మాయ ముక్క లోపల మిగిలిందేమో చూసి, అప్పటికీ ఆగకపోతే రెండు చేతుల మధ్య గర్భసంచిని అదిమిపట్టి అంబులెన్సులో వెంట వెళ్లవలసి రావచ్చు. ఎవరో చేస్తుండగా వెనుక నిలబడి చూసినంత మాత్రాన ఇది చేతికి రాదు. దారి ఎంతసేపు పడుతుందో లెక్కవేసుకొని, ఏ క్షణాన పంపాలో నిర్ణయించడం ఇంకా కష్టమైన విద్య.

ఆస్ట్రేలియాలోని ఫ్లిండర్స్ విశ్వవిద్యాలయం 1997లో కొందరు విద్యార్థులను ఏడాది పాటు రివర్‌లాండ్ అనే గ్రామీణ ప్రాంతపు డాక్టర్ల దగ్గరే ఉంచి చదివించింది. వార్డుల వారీగా తిరగకుండా అన్ని విభాగాలనూ కలిపి, తాము చూసిన రోగులనే మళ్లీ మళ్లీ చూస్తూ నేర్చుకున్న వారు పరీక్షల్లో పెద్దాసుపత్రి విద్యార్థులకు ఏమాత్రం తీసిపోలేదు. అమెరికాలోని మిన్నెసోటాలో ఇటువంటి శిక్షణ 1971లోనే మొదలైంది. జపాన్‌లో 1972లో స్థాపించిన జిచి వైద్య విశ్వవిద్యాలయం ప్రతి ప్రిఫెక్చర్ (మన రాష్ట్రం వంటి అక్కడి పాలనా విభాగం) నుంచీ విద్యార్థులను తీసుకొని, చదువు పూర్తయ్యాక సాధారణంగా తొమ్మిదేళ్లు సొంత ప్రాంతానికి సేవ చేస్తే ఫీజు రుణాన్ని మాఫీ చేస్తుంది. గ్రామీణ నేపథ్యం ఉన్నవారిని చేర్చుకోవాలని, గ్రామాల్లోనూ శిక్షణ ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో సిఫారసు చేసింది. తగిన శిక్షణ ఇవ్వకుండా ఒప్పంద పత్రంతో మాత్రమే డాక్టరును పల్లెకు పంపడం ఆ డాక్టరుకూ రోగికీ అన్యాయమని నా గట్టి అభిప్రాయం.

రెండు వారాల పోస్టింగుతో తృప్తిపడకండి. ఒకేచోట కొన్ని నెలలుండి కాన్పులు, ఎముకల కట్లు, పసిపిల్లల అత్యవసర చికిత్స స్వయంగా చేసి నేర్చుకోండి. అనుభవమున్న నర్సులను అడగడానికి సంకోచించవద్దు. ఉద్యోగంలో చేరే ముందు, అర్ధరాత్రి సందేహం వస్తే ఫోను ఎత్తే సీనియర్ ఎవరో తప్పక కనుక్కోండి.