వెనక ఏసీ గ్యాస్ ఆగకుండా పోతుంటే కాయిల్ కంటే ముందు కింద పైపులు చూడండి

మూడు వరసల సీట్ల బండి, గ్యాస్ నింపించిన కొద్ది వారాలకే వెనక వేడిగాలి, ఆ తర్వాత ముందు కూడా అంతే. మెకానిక్ వెనక కూలింగ్ కాయిల్ మార్చాలంటున్నాడు, ఒప్పుకోవాలా అని అడిగారు. అప్పుడే ఒప్పుకోకండి. లీకు ఎక్కడుందో కళ్లారా చూపించమనండి. మా బండికీ ఇవే లక్షణాలు, మాకూ అదే సలహా ఇచ్చారు. తీరా చూస్తే కాయిల్ శుభ్రంగా ఉంది, వెనక చక్రానికి కాస్త ముందు అల్యూమినియం పైపును తుప్పు తిని చిల్లుపడింది.

ఇలాంటి బండ్లలో సాధారణంగా వెనక ఏసీకి విడిగా కంప్రెసర్ ఉండదు. ముందు లైన్ల నుంచే టీ జాయింట్ వేసి రెండు పైపులు బండి అడుగున వెనక్కి తీసుకెళ్తారు. సన్నది ద్రవాన్ని కాయిల్‌కి తీసుకెళ్లే లిక్విడ్ లైను, లావుది గ్యాస్‌ని తిరిగి కంప్రెసర్‌కి చేర్చే సక్షన్ లైను. చివర వెనక కాయిల్, దానిలోకి ద్రవాన్ని కొలిచి వదిలే సొంత ఎక్స్‌పాన్షన్ వాల్వ్ ఉంటాయి. గ్యాస్ మాత్రం రెంటికీ ఒకటే, అందుకే వెనక కారితే ముందూ ఖాళీ అవుతుంది. ముందు ఎప్పుడూ చల్లగా ఉండి వెనక ఒక్కటే నెలల తరబడి వేడిగా ఉంటే అప్పుడు వాల్వ్ మూసుకుపోయిందేమో, గాలి మళ్లించే తలుపు ఇరుక్కుందేమో చూడాలి. మీకు రెండూ పోతున్నాయి కాబట్టి గ్యాస్ ఎటో పోతోందనే అర్థం.

అడుగున ఆ పైపులకు ఉన్నన్ని కష్టాలు కాయిల్‌కి లేవు. చక్రాలు చిమ్మే బురద, రాళ్లు అన్నీ వాటి మీదే పడతాయి. అల్యూమినియం పైపును ఇనుప క్లాంపుతో పట్టిన చోట తడి చేరితే రెండు లోహాల మధ్య తుప్పు మొదలై అల్యూమినియాన్ని తినేస్తుంది. పైపు చుట్టూ నురుగు తొడుగు ఉంటే మరీ ఘోరం, నీళ్లు పీల్చుకుని ఆరకుండా పెట్టుకుంటుంది. మా పైపు పైకి నిగనిగలాడుతోంది, క్లాంపు విప్పితే కింద తెల్లటి పొడి, దాని కింద చిల్లు. విప్పకుండా టార్చి వేసి చూసి బాగుందనేస్తే నమ్మకండి.

వెతకడం కళ్లతోనే మొదలుపెట్టండి. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ ఆయిల్ కూడా బయటికొస్తుంది కాబట్టి లీకు చోట జిడ్డుగా దుమ్ము పట్టి ఉంటుంది. అది దొరక్కపోతే సిస్టమ్‌లో యూవీ డై (యూవీ కాంతిలో మెరిసే రంగు) వేయించి, కొన్నాళ్లు నడిపి, యూవీ టార్చితో పసుపు అద్దాలు పెట్టుకుని చూడాలి. కాయిల్ పెట్టెలో దాగి ఉంటుంది కాబట్టి దాని నీళ్లు బయటికొచ్చే డ్రెయిన్ గొట్టం దగ్గర డై మెరుస్తుందేమో చూడండి. ఎలక్ట్రానిక్ డిటెక్టర్ ఉంటే ఏసీ, బ్లోయర్ రెండూ కాసేపు ఆపి ఆ గొట్టం దగ్గరే పెట్టాలి. గ్యాస్ గాలి కంటే బరువు, కిందికే దిగుతుంది. ఈ పరీక్షలు కాకుండా సీట్లు, లోపలి ప్యానెళ్లు ఊడదీయనివ్వకండి. ఒకసారి విప్పిన క్లిప్పులు ఎంత బిగించినా తర్వాత గడగడలాడుతూనే ఉంటాయి.

షాపుల్లో తరచుగా వినపడే మాటలు రెండున్నాయి. ఒకటి, 'వ్యాక్యూమ్ నిలబడింది, లీకు లేదు.' వ్యాక్యూమ్ పెడితే, అంటే పంపుతో లోపలి గాలంతా లాగేస్తే, పైపు మీద పడేది బయటి గాలి ఒత్తిడి, అంటే 15 పీఎస్ఐ లోపే, అదీ లోపలివైపు. ఏసీ నడిచేటప్పుడు హై సైడ్‌లో, అంటే ఒత్తిడి ఎక్కువుండే వైపు, 200 పీఎస్ఐ దాటుతుంది, అదీ బయటికి. ఈ రెండింటికీ పోలిక లేదు. డ్రై నైట్రోజన్‌ని రెగ్యులేటర్‌తో ఎక్కించి, జాయింట్లకు సబ్బు నురగ రాస్తే నిజం తెలుస్తుంది. మామూలు కంప్రెసర్ గాలి వద్దు, దాంతో తేమ లోపలికి చేరుతుంది. ఆక్సిజన్ అసలే వద్దు, అది ప్రమాదం. రెండో మాట, 'ఆపి ఉన్నప్పుడు ప్రెషర్ బాగానే ఉంది.' చాలా బండ్ల ఏసీల్లో ఉండే ఆర్-134ఏ గ్యాస్ 30 డిగ్రీల వేడిలో దాదాపు 97 పీఎస్ఐ చూపిస్తుంది. లోపల ద్రవం కొంచెమైనా మిగిలున్నంత వరకూ నిండుగా ఉన్నా సగమే ఉన్నా గేజ్ ముల్లు అక్కడే నిలుస్తుంది.

చిల్లు దొరికాక మాకు వెల్డింగ్ చేస్తామన్నారు, నేను వద్దన్నాను. చిల్లు పడిన చోట చుట్టుపక్కల లోహం కూడా పల్చబడే ఉంటుంది, ఈ పక్క మూస్తే ఆ పక్క తెరుచుకుంటుంది. కంపెనీ పైపు కొత్తది దొరికితే అదే మంచిది. కాకపోతే కొన్ని బండ్లలో ఇంధన ట్యాంకు దించితేగానీ అది ఎక్కదు, కూలీ పైపు ధరను మించిపోతుంది. మేము పాడైన భాగాన్ని మంచి లోహం వచ్చేదాకా కోయించి, ఏసీ కోసమే చేసిన బ్యారియర్ హోస్‌ని రెండు చివరలా క్రింప్ (నొక్కి బిగించడం) చేయించాం. మామూలు రబ్బరు గొట్టంలోంచి గ్యాస్ మెల్లగా బయటికి పోతుంది, పనికిరాదు. సైలెన్సర్ వేడికి దూరంగా, క్లాంపుల కింద రబ్బరు వేసి బిగించాలి. రెండు పైపులదీ ఒకటే వయసు కాబట్టి రెండో పైపు క్లాంపులు కూడా అప్పుడే విప్పి చూపించుకోండి.

విప్పిన ప్రతి జాయింటుకీ ఏసీకి సరిపోయే కొత్త ఓ-రింగ్ వేసి, దానికి ఆయిల్ రాయాలి. బిగించేటప్పుడు రెండు స్పానర్లు పెట్టాలి, లేకపోతే అల్యూమినియం పైపు మెలితిరుగుతుంది. సిస్టమ్ చాలాసేపు తెరిచి ఉంటే లోపలి తేమను పీల్చుకునే డ్రయర్ మార్చాలి. ఆ తర్వాత కనీసం ముప్పావు గంట వ్యాక్యూమ్. గ్యాస్ మాత్రం తూకం వేసి ఎక్కించాలి. బానెట్ కింద లేబుల్ మీద బరువు రాసి ఉంటుంది, కొన్ని మోడళ్లలో వెనక ఏసీ ఉన్నవాటికి, లేనివాటికి రెండు వేర్వేరు అంకెలుంటాయి. అలవాటు కొద్దీ చిన్న అంకె చూసి నింపేస్తే పని ఎంత బాగా చేసినా వెనక చల్లబడదు.

డబ్బాలో వచ్చే లీక్ సీలర్ జోలికి పోవద్దు. అది ఎక్స్‌పాన్షన్ వాల్వ్‌లో గడ్డకట్టే ప్రమాదం ఉంది, సీలర్ వేసిన బండిని గ్యాస్ మెషీన్‌కి తగిలించడానికి చాలామంది ఒప్పుకోరు. మిగిలిన గ్యాస్‌ని గాల్లోకి వదలనివ్వకుండా మెషీన్‌లోకి లాగించండి. ఆర్-134ఏ మైనస్ 26 డిగ్రీలకే మరుగుతుంది, ద్రవం చేతిమీద పడితే చర్మం గడ్డకడుతుంది.

వెనక ఎవరూ పెద్దగా కూర్చోకపోతే ఆ లైన్లను మూసేయడం కూడా ఒక దారే. అయితే ముందు టీ జాయింట్ దగ్గరే మూయించండి. వెనక చివర మూస్తే పొడవాటి ఉత్త పైపులో ఆయిల్ చేరి కంప్రెసర్‌కి తక్కువవుతుంది. అప్పుడు గ్యాస్ కూడా ముందు ఏసీకి సరిపడా బరువే ఎక్కించాలి.

ఇన్నీ చూశాక డ్రెయిన్ గొట్టం దగ్గర డై మెరిస్తే మెకానిక్ మాట నిజమే, కాయిల్ మార్పించండి. ఎలాగూ అంతా విప్పుతారు కాబట్టి వెనక ఎక్స్‌పాన్షన్ వాల్వ్ కూడా అదే ఊపులో కొత్తది వేయించేయండి.