అమెరికాలో ‘సూపర్ డెలిగేట్ల’ మీద అంత గొడవ ఎందుకు?

డెమోక్రటిక్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిని తేల్చేది జాతీయ మహాసభ. అక్కడ ఓటర్లు పంపిన ప్రతినిధులే కాదు, గవర్నర్లు, అమెరికా కాంగ్రెస్ సభ్యులు, పార్టీ పెద్దలు కూడా ఉంటారు. ఎవరికి ఓటేయాలో వీళ్లిష్టం. వీళ్లే సూపర్ డెలిగేట్లు.

1968లో అప్పటి ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ ఒక్క ప్రైమరీలోనూ (పార్టీ అభ్యర్థి కోసం రాష్ట్రాల్లో ఓటర్లు ఓటేసే ఎన్నిక) పోటీ చేయకుండానే షికాగో మహాసభలో టికెట్ తెచ్చుకున్నారు. బయట వీధుల్లో వియత్నాం యుద్ధం వద్దన్న యువత మీద పోలీసుల లాఠీలు విరిగాయి. ఆ కోపం చూశాకే పార్టీ ప్రైమరీలకు పెద్దపీట వేసింది. తీరా 1972లో కార్యకర్తలు ప్రైమరీల్లో గెలిపించుకున్న అభ్యర్థి జార్జ్ మెక్‌గవర్న్ అధ్యక్ష ఎన్నికల్లో 49 రాష్ట్రాల్లో ఓడిపోయారు. పెద్దలకు మళ్లీ టెన్షన్ పట్టుకుంది. 1984 ఎన్నికల నుంచి సూపర్ డెలిగేట్లు వచ్చారు.

2016లో పార్టీ టికెట్ కోసం బెర్నీ శాండర్స్, హిల్లరీ క్లింటన్ పోటీ పడ్డారు. న్యూ హాంప్‌షైర్ రాష్ట్ర ప్రైమరీలో శాండర్స్ 60 శాతం ఓట్లతో గెలిచారు. ఆయనకు 15 మంది ప్రతినిధులు, క్లింటన్‌కు 9 మంది. ఆరుగురు సూపర్ డెలిగేట్లు ఆమె వైపు ఉండటంతో లెక్క 15-15 అయింది! శాండర్స్ కోసం మంచులో ఇంటింటికీ తిరిగిన కుర్రాళ్లకు కడుపు మండదా? దేశం మొత్తమ్మీద క్లింటన్‌కే ఓట్లు ఎక్కువ వచ్చిన మాట నిజమే. అయినా ఆ కోపం న్యాయమైనదే అంటాను. 2018లో పార్టీ నిబంధన మార్చింది: ఫలితం ముందే తేలిపోతే తప్ప, మహాసభ ఓటింగ్ మొదటి రౌండ్‌లో సూపర్ డెలిగేట్లకు ఓటు లేదు.